ఎడారిలో ఆయన గడ్డి పీకుతున్నారు, నేను ఇంట్లో ఉన్నాను

ప్రశ్న: మేడమ్, మేముండేది మినియాపొలిస్‌లో. నాకు 66, మావారికి 70. ఆయనది అనంతపురం, నాది తెనాలి. రిటైరయ్యాక అక్కడి చలికి ఆయన మోకాళ్ళు పట్టేస్తున్నాయని మూడేళ్ళ కిందట అరిజోనాలోని గ్రీన్ వ్యాలీలో చిన్న ఇల్లు కొన్నాం. నవంబరులో వచ్చి ఏప్రిల్లో వెళ్తాం. పేరుకే గ్రీన్ వ్యాలీ, ఎటు చూసినా ముళ్ళ కంపలే. ఆయన వారానికి మూడు రోజులు చీకటితోనే లేచి సవారో నేషనల్ పార్కులో వాలంటీరుగా గడ్డి పీకడానికి పోతారు. మిగతా రోజులు ఒక్కరే కొండల్లో తిరుగుతారు. మొన్న షూకి చోయా అనే జెముడు మొక్క ముళ్ళ ముద్ద అంటించుకుని వస్తే దువ్వెన పెట్టి నేనే లాగాను. అది ఎగిరొచ్చి నా చున్నీకి పట్టుకుంది, ఇద్దరం నవ్వుకున్నాం. షికాగోలో ఉన్న మా అమ్మాయి, ‘మనవల్ని చూసుకోవాల్సిన టైములో మీరు పారిపోయారు’ అంటుంది. ఆయనతో అనదు, నాతోనే అంటుంది. ఆయనకు చెబితే ‘దానికేం తెలుసు’ అంటారు. పక్కింటి విస్కాన్సిన్ ఆవిడ పక్షుల్ని చూడ్డానికి మడేరా కాన్యన్‌కి రమ్మని రెండుసార్లు పిలిచింది. నేను వెళ్తే వంటెవరు చేస్తారని వెళ్ళలేదు. అమ్మాయి కోసమైనా ఈ ఇల్లు అమ్మేద్దామని ఆయనకు ఎలా చెప్పను?

జవాబు: అమ్మా, ఇల్లు అమ్మే సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ గడ్డి గురించి చెప్పనివ్వండి. మీవారు మీకు చెప్పారో లేదో నాకు అనుమానమే.

అక్కడ పీకేది బఫెల్ గ్రాస్ అయ్యుంటుంది. మన దగ్గర దాన్ని అంజన్ గడ్డి అంటారు. మెట్ట భూముల్లో పశువుల మేత కోసం పెంచుకోమని మన వ్యవసాయ శాఖవాళ్ళు చెప్పే గడ్డే. అమెరికా వాళ్ళు కూడా మేతకనే 1930ల్లో తెప్పించుకున్నారు. తీరా అది కొండలన్నీ ఎక్కేసింది. ఎడారి మొక్కలు ఎడంగా పెరుగుతాయి కాబట్టి అక్కడ మంట పుట్టినా పాకేది కాదు. ఇప్పుడు మధ్యలో ఈ గడ్డి ఎండి పరుచుకుంటే నిప్పుకి దారి వేసినట్టే. సవారో అంటే అక్కడి నిలువెత్తు జెముడు మొక్క, అది మంటకు తట్టుకోదు. మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళం, అంగుళంన్నర మాత్రమే పెరుగుతుంది, పక్కకి చెయ్యి చాచడానికి 50 నుంచి 70 ఏళ్ళు పడుతుంది. అంటే మీవారు పుట్టిన నాడు మొలిచిన సవారోకి ఈపాటికి ఒక చెయ్యి వచ్చుంటే వచ్చినట్టు. దాన్ని కాపాడ్డానికి డెబ్భై ఏళ్ళాయన గడ్డపారతో కుదుళ్ళు పెకలించి సంచుల్లో కుక్కుతున్నారు.

ఆయన్ని మెచ్చుకోమని ఇదంతా చెప్పడం లేదు. సీమలో పుట్టినవాడికి ఆ నేల ఎలా కనిపిస్తుందో మీకు తెలియాలని చెబుతున్నాను. నేనూ కడప మనిషినే. టూసాన్‌లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు మెస్కీట్ చెట్టు చూసి ‘ఇది మన సర్కారు తుమ్మే కదే’ అన్నాను. ఆ రెండు చెట్లూ అక్కాచెల్లెళ్ళే అనుకోండి, ఒకే కుటుంబం. అరకొర వాన, రాళ్ళ గుట్టలు, నీళ్ళు లేని వంక. మీకు కంపలు కనిపించిన చోట ఆయనకు ఊరు కనిపిస్తోంది.

మీరేమో కాలవ గట్టున పెరిగారు. ఎడారి నచ్చకపోవడం మీ తప్పు కాదు. అయితే ఆయన అరిజోనాలో తన అనంతపురాన్ని వెతుక్కున్నారు. మీ తెనాలిని మాత్రం అక్కడ ఎవరూ వెతకలేదు. మీరూ వెతుక్కోలేదు. ఉత్తరమంతా ఆయన ఏం చేస్తున్నారు, అమ్మాయి ఏమంటోంది అనే ఉంది. పొద్దున్న ఆయన కారు వెళ్ళాక మీరేం చేస్తారో ఒక్క ముక్క లేదు.

అమ్మాయి మాటకొస్తే, తను పూర్తిగా తప్పు అని నేననను. షికాగోలో మంచు పడి బడి మూసేసిన రోజు, పిల్లాడికి జ్వరమొచ్చిన రోజు, ఉద్యోగం చేసుకునే తల్లికి అమ్మే గుర్తొస్తుంది. కానీ కోపం నాన్న మీద ఉంటే నాన్నతోనే అనాలి. ఇద్దరి మధ్యా మీరు పోస్ట్‌మ్యాన్ పని చేస్తున్నారు, అదీ బట్వాడా అయ్యేవన్నీ తిట్లే. ఈసారి ఫోను వచ్చినప్పుడు ‘ఉండు, నాన్నకిస్తాను’ అని చేతికిచ్చి మీరు వేరే గదిలోకి వెళ్ళండి. మొదట రెండు మూడుసార్లు మాటలు పెరుగుతాయి, పెరగనివ్వండి.

తర్వాత మీరు చేయగలిగిందే మాటివ్వండి. జనవరిలో రెండు వారాలు మీరొక్కరే షికాగో వెళ్ళి రండి. ఆయన కుక్కర్ పెట్టుకుంటారు, పెరుగన్నం తింటారు, ఆవకాయ ఎలాగూ ఉంటుంది. మార్చిలో బడి సెలవులకు పిల్లల్ని రప్పించండి. నేషనల్ పార్కులో జూనియర్ రేంజర్ అని పిల్లలకో పుస్తకం ఇస్తారు, అందులోవి పూర్తి చేస్తే బ్యాడ్జి పెడతారు. తాతే దగ్గరుండి చేయిస్తే ఆయన పారిపోలేదని పిల్లలే వాళ్ళమ్మకు చెబుతారు. ఒక్క జాగ్రత్త: మీది 55 దాటినవాళ్ళ కాలనీ అయితే, పిల్లలు చుట్టపుచూపుగా ఎన్ని రోజులుండొచ్చో నిబంధన ఉంటుంది. టిక్కెట్లు కొనేముందు ఆ కాగితాలు చూసుకోండి.

ఆయన ఒక్కరే కొండలెక్కడం మీరు ఒక వాక్యంలో దాటేశారు, నాకది మింగుడు పడలేదు. గడ్డి పీకేటప్పుడు పదిమంది ఉంటారు, ఫర్వాలేదు. ఒంటరిగా పోయిన రోజు కాలు బెణికితే చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, పొద్దుగూకితే చలి గడ్డకట్టిస్తుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఫ్రిజ్ మీద రాసి వెళ్ళమనండి. రాయకుండా వెళ్తే అలగండి, ఆ హక్కు మీకుంది. ఇంకో సంగతి. అక్కడి మట్టిలో ఉండే ఒక బూజు వల్ల వ్యాలీ ఫీవర్ వస్తుంది. మట్టి తవ్వేవాళ్ళకు దుమ్ము ఎక్కువ తగులుతుంది, సుగర్ ఉన్నవాళ్ళకు వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. దగ్గూ జ్వరమూ వారాలైనా తగ్గకపోతే, మినియాపొలిస్ తిరిగి వెళ్ళాకైనా సరే, డాక్టరుకు ‘మేము చలికాలం అరిజోనాలో ఉంటాం’ అని మీరే చెప్పండి, అక్కడి డాక్టరుకు ఆ జబ్బు తట్టకపోవచ్చు. మీ ఆరోగ్య బీమా మెడికేర్ అడ్వాంటేజ్ (పెద్దవాళ్ళ మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునేది) అయితే అరిజోనాలో ఏ ఆసుపత్రులు అందులోకి వస్తాయో కనుక్కోండి.

ఇప్పుడు ఇల్లు. ‘అమ్మాయి కోసమైనా’ అన్నారు. మీకు అక్కడ ఉండాలని లేకపోతే ‘నాకు వద్దు’ అనండి. అమ్మాయి పేరు అడ్డం పెట్టి అంటే ఆయన మళ్ళీ ‘దానికేం తెలుసు’ అని తేల్చేస్తారు. ‘నాకు’ అంటే తేల్చెయ్యలేరు. నన్నడిగితే ఆ మాట కూడా ఏప్రిల్లో, ఇల్లు తాళం వేసే ముందు అనండి. ఈ చలికాలం మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. వాలంటీరు పనంటే గడ్డపారే అని లేదు. విజిటర్ సెంటర్లో బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు కావాలి, లైబ్రరీల్లో కావాలి, మీ ఊరి పక్కనే ఉన్న టైటన్ మిసైల్ మ్యూజియంలో కూడా వాలంటీర్లు ఉంటారు. మీవారు లేని చోటు ఎంచుకుంటే ఇంకా మంచిది. సాయంత్రం ఆయనకు చెప్పడానికి మీ దగ్గరా కబుర్లుంటాయి. ఆ చోయా ముద్ద రోజు తప్ప ఇద్దరూ కలిసి నవ్విన సందర్భం ఉత్తరంలో ఇంకోటి లేదు, గమనించారా?

ఆ పక్కింటావిడ ఎక్కడికి రమ్మందో తెలుసా? మడేరా కాన్యన్ శాంటా రీటా కొండల్లో ఉంది, మీ ఇంటి నుంచి కారులో అరగంట. అక్కడ వాగు ఉంది. పైన మంచు బాగా పడ్డ ఏడు చలికాలంలో నీళ్ళు పారతాయి. గట్టున సైకమోర్ మానులు, వాటి కింద చల్లటి నీడ, కొమ్మల్లో పిట్టల గోల. గ్రీన్ వ్యాలీ చుట్టుపక్కల తెనాలి అమ్మాయికి నచ్చే చోటు ఏదైనా ఉందంటే అదే. ఆవిడ మూడోసారి పిలవదు, మీరే తలుపు తట్టండి. మంచినీళ్ళ సీసా, టోపీ పట్టుకెళ్ళండి. దువ్వెన మాత్రం మరచిపోకండి.