స్కోరు తక్కువే.. అయినా బాబును ఇంటికి ఎందుకు పంపలేదు?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు, బరువు 25 కిలోలు. 24 గంటల నొప్పి అని ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ అప్పటికే పగిలిందట. కేస్ షీటులో స్కోరు 10కి 6 అని ఉంది. పక్క బెడ్ పాపకు 8 ఉన్నా రెండో రోజే పంపేశారు. మావాడికి నాలుగో రోజు కూడా ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఎందుకిలా?

జవాబు: మీ కంగారు అర్థమైంది. కానీ ఆ స్కోరు చూసి ఇద్దరు పిల్లలను పోల్చకండి. దాని పేరు పీడియాట్రిక్ అపెండిసైటిస్ స్కోరు. నొప్పి అపెండిక్స్‌దేనా అని తేల్చుకోవడానికే దాన్ని వేస్తాం. ఎన్నాళ్లకు కోలుకుంటారన్నది అందులో ఉండదు.

లెక్క ఇలా ఉంటుంది. కుడి పొత్తికడుపు నొక్కితే నొప్పి ఉంటే 2. దగ్గినా, తొక్కుడుబిళ్ల ఆటలోలా ఒంటికాలిపై గెంతినా అక్కడే నొప్పి పుడితే ఇంకో 2. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు దిగడం, ఆకలి లేకపోవడం, వికారం లేదా వాంతులు, 100.4 డిగ్రీల జ్వరం, తెల్లరక్తకణాలు 10 వేలు దాటడం, వాటిలోనే ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 7,500 దాటడం.. వీటికి ఒక్కో మార్కు. 3 లేదా అంతకన్నా తక్కువ వస్తే అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) అయ్యే అవకాశం తక్కువ. 4 నుంచి 6 వస్తే అల్ట్రాసౌండ్ తీసి, కొన్ని గంటలాగి మళ్లీ పరీక్షించాలి. 7 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సర్జన్ చూడాల్సిందే.

ఇప్పుడు ఇందులో లేనివి చూడండి. జ్వరం 101 అయినా 103 అయినా మార్కు ఒక్కటే. కణాలు 11 వేలున్నా 22 వేలున్నా అంతే. నొప్పి మొదలై ఎన్ని గంటలైందో అసలు అడగదు. నొప్పి ఎక్కడ మొదలైందో పిల్లాడు చెప్పలేకపోతే ఆ మార్కూ పోతుంది. అందుకే పగిలిన అపెండిక్స్‌కూ 6 రావచ్చు.

కోలుకునే తీరును నిర్ణయించేది ఆపరేషన్లో కనిపించిన పరిస్థితి. పగలకపోతే మరుసటి రోజే ఇంటికి పంపొచ్చు. పగిలితే చీము కడుపులోకి చేరుతుంది, యాంటీబయాటిక్స్ నరం ద్వారా ఇస్తూ నాలుగైదు రోజులైనా ఉంచాలి. జ్వరం తగ్గి, తిన్నది ఇమిడి, కడుపు మెత్తబడ్డాకే డిశ్చార్జ్. మీ డాక్టర్లు చేస్తున్నది సరైనదే.

పగిలినవాళ్లలో నూటికి 15-20 మందికి మళ్లీ లోపల చీముగడ్డ కడుతుంది. తగ్గిన జ్వరం ఐదో రోజు తర్వాత సాయంత్రాలు తిరగబెట్టడం దీని గుర్తు. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: జిగురుతో కొంచెం కొంచెంగా పదేపదే విరేచనాలు. గడ్డ పురీషనాళాన్ని ఒరుసుకోవడం వల్ల అలా అవుతుంది. మందులు పడక అనుకుని విరేచనాలు ఆగే మాత్ర వేసేస్తారు. దయచేసి వేయొద్దు, అల్ట్రాసౌండ్ చేయించండి. ఆకుపచ్చటి వాంతి అయినా, కడుపు ఉబ్బినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంటికెళ్లాక పారాసెటమాల్ వేసేముందే థర్మామీటర్ పెట్టి రాసుకోండి, వేశాక చూస్తే జ్వరం దాగిపోతుంది. 25 కిలోలకు ఒక డోసు 375 మి.గ్రా., అంటే 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 7.5 మి.లీ. డోసుకూ డోసుకూ కనీసం 6 గంటల తేడా ఉండాలి. బడికి రెండు వారాల తర్వాత పంపండి. సైకిల్, క్రికెట్ సర్జన్ సరేనన్నాకే.