డిమ్మర్ తిప్పితే ప్రింటు ఎందుకు చప్పబడుతోంది

డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి ఫోటో కాగితంపై వేసే పరికరం) వెలుగు మరీ ఎక్కువై, దాని బల్బుకు డిమ్మర్ పెడితే ప్రింటు చప్పబడుతోందని అడిగారు. కారణం కాగితం కాదు, డిమ్మరే. వోల్టేజి తగ్గితే టంగ్‌స్టన్ బల్బు మసకబారడమే కాదు, ఎర్రబడుతుంది కూడా. అందులో ముందుగా పోయేది నీలికాంతి. మల్టీగ్రేడ్ కాగితానికి (కాంతి రంగును బట్టి కాంట్రాస్ట్ మారే ఫోటో కాగితం) గట్టి కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, ఇచ్చేది ఆ నీలమే. పైగా వోల్టేజి 10 శాతం తగ్గినా కాంతి సుమారు 30 శాతం పడిపోతుంది కాబట్టి, నాబ్ కాస్త కదిలినా మీ టెస్ట్ స్ట్రిప్ (సరైన సమయం తేల్చుకోవడానికి తీసే కాగితపు ముక్క) పనికిరాదు.

1. డిమ్మర్‌ను సున్నితంగా వాడటం కాదు, సర్క్యూట్ నుంచి పూర్తిగా తీసేయండి.

2. లెన్స్ రంధ్రం ఎఫ్/8లో ఉంచితే ప్రింటు 3 సెకన్లకే నల్లబడుతోందన్నారు. 0.6 న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించేది) పెడితే వెలుగు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, తగ్గి 12 సెకన్లు వస్తుంది. డాడ్జింగ్‌కు (ప్రింటులో కొంత భాగం నల్లబడకుండా వెలుగును అడ్డుకోవడానికి) చేతులు ఆడతాయి.

3. చాలామంది తప్పేది ఇక్కడే: ఫిల్టర్‌ను లెన్స్ కింద కాదు, నెగటివ్‌కు పైనున్న ఫిల్టర్ డ్రాయర్‌లో పెట్టండి. అక్కడైతే దానిమీది దుమ్ము, గీతలు ప్రింటులో స్పష్టంగా పడవు. ఫోకస్ మాత్రం ఫిల్టర్ లేకుండా, పూర్తి వెలుగులో చూసుకోండి.

4. డ్రాయర్ లేకపోతే 150 వాట్ల బల్బు స్థానంలో 75 వాట్లది వేయండి. ఎన్‌లార్జర్ కోసం చేసిన ఒపాల్ (పాలగాజు) బల్బే కావాలి. మామూలు బల్బుపై ఉండే అచ్చు అక్షరాలు వెలుగును మచ్చలుగా చేస్తాయి.

తర్వాత కొత్త టెస్ట్ స్ట్రిప్ తీయండి.