దుబాయ్ అబద్ధం తీసేశాకే వీడియో కాల్ పనికొచ్చింది

మీ అన్న బైక్ యాక్సిడెంట్‌లో పోయి రెండు నెలలైందని, తొమ్మిదో తరగతి పాప ఎవరితోనూ మాట్లాడటం లేదని, యూకేజీ బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడని రాశారు. ములుగు నుంచి వారం వారం హైదరాబాద్ తిప్పలేం, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా అని అడిగారు. పాపకు పనిచేయొచ్చు. బాబుకు మాత్రం నేరుగా కాదు, మీ వదిన ద్వారా. ఎందుకలా అంటున్నానో మా ఇంటి సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది.

మా అక్కావాళ్లది పరకాల దగ్గర. మూడేళ్ల క్రితం బావ రాత్రి పదకొండుకు ఛాతీలో నొప్పి అన్నాడు, హన్మకొండ చేరేలోపే అయిపోయింది. 41 ఏళ్లు. పెద్దోడికి అప్పుడు 14, చిన్నదానికి 5.

చిన్నదానికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియక నాయనమ్మ "మీ డాడీ దుబాయ్ పోయిండు బిడ్డా" అంది. మన వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా, ఆమె నోటికి అదే వచ్చింది. చిక్కేమిటంటే, పక్కింటి పిల్ల తండ్రి నిజంగానే దుబాయ్‌లో ఉన్నాడు, రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. మా చిన్నది రోజూ అది చూసేది. కౌన్సెలింగ్ మొదటి రోజు అక్క ఫోన్‌ని చింతపండు డబ్బాకు ఆనించి పెట్టగానే కొత్త గౌను వేసుకొచ్చి ఎదురుగా కూర్చుంది. "డాడీ లైన్లకు వస్తడా?" అని అడిగింది. తెర మీద ఎవరో మేడమ్ కనిపించింది, ఆమే కౌన్సెలర్. తల్లి మొహం ఒకసారి చూసి మంచం కిందికి దూరింది. ఆరు నిమిషాల్లో సెషన్ అయిపోయింది.

మేడమ్ ఫోన్ పెట్టేయలేదు. అక్కతో ముప్పావుగంట మాట్లాడింది. "చనిపోయాడు" అనే మాటే వాడమంది. "పడుకున్నాడు" అంటే పిల్లలు నిద్రకు భయపడతారు, "దేవుడు తీసుకెళ్లాడు" అంటే రేపు అమ్మనూ తీసుకెళ్తాడేమో అనుకుంటారు అంది. డాడీ గుండె ఆగిపోయింది, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక ఆకలి కాదు, నొప్పి లేదు, తిరిగి రాడు. ఇంతే. ఆ వయసులో చావంటే మళ్లీ రాకపోవడం అని చాలామందికి పూర్తిగా ఎక్కదు కాబట్టి పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ అదే మాట చెప్పాలి. అక్క గిన్నెలు తోముతూ ఆ నాలుగు ముక్కలూ తనలో తాను అనుకోవడం నేను విన్నాను. చెప్పిన రోజు చిన్నది "మరి డాడీ చెప్పులు ఎవలకిస్తం?" అని అడిగి బయటికి ఆడుకోను పోయింది. ఏడ్వనన్నా ఏడ్వలేదని నాయనమ్మకు కోపం. పిల్లల దుఃఖం అలాగే విడతలు విడతలుగా వస్తుందట, ఇప్పుడు ఏడుపు, ఇంకాసేపటికి ఆట. ఆ తర్వాత సెషన్లు ఎక్కువగా అక్కతోనే జరిగాయి. చిన్నది మధ్యలో వచ్చి బొమ్మ గీసింది చూపించి పోయేది. చిన్నది కూడా పక్క తడిపేది, అది రెండు నెలల్లో తగ్గింది. బాబును మీవాళ్లు దానికి తిట్టకుండా చూడండి.

పెద్దోడి కథ వేరు. వాడికోసం ముందు ఒక యాప్‌లో డబ్బు కట్టి మోసపోయాం. వారానికో కొత్త మనిషి వచ్చేది, వాడు ఆ రాత్రి సంగతి ముగ్గురికి మూడుసార్లు మొదట్నుంచి చెప్పాడు. నాలుగోసారి ఫోన్ ముట్టనన్నాడు. అందుకే చేరేముందే అడగండి: ప్రతిసారీ ఒకే మనిషి ఉంటారా? పిల్లలతో పనిచేశారా? క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్ట్, ఆయన డాక్టర్. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ మైనర్‌ను ఆన్‌లైన్లో చూడాలంటే పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

ఈ మేడమ్ దగ్గర కూడా మొదటి మూడు సెషన్లూ వాడు కెమెరాను ఫ్యాన్ వైపు తిప్పి పెట్టాడు. ఆమె ఏమీ అనలేదు. మూడోసారి "మీ ఫ్యాన్‌కు ఒక రెక్క వంగినట్టుందే" అంది, వాడు నవ్వాడు. మాట్లాడటం కష్టమైతే చాట్‌లో టైప్ చేయమంది. అలా టైప్ చేస్తూ చేస్తూనే ఆరో సెషన్‌లో అసలు విషయం బయటపడింది. ఆ రాత్రి బావ మంచినీళ్లు అడిగితే "ఆగు డాడీ, గేమ్ అయిపోనీ" అన్నాడట. తనవల్లే పోయాడని నాలుగు నెలలు లోపలే పెట్టుకున్నాడు. అమ్మకు చెప్పవచ్చా అని మేడమ్ వాణ్ని అడిగి, వాడు సరేనన్నాకే అక్కకు చెప్పింది. ఎదురుగా కూర్చోబెడితే వాడు ఈ మాట చెప్పేవాడు కాదని నా నమ్మకం. పైగా వరంగల్‌లో క్లినిక్ ముందు తెలిసినవాళ్లు చూస్తారన్న టెన్షన్ కూడా లేదు.

"మూడు నెలలైంది, ఇంకా ఏంది?" అనే చుట్టాలు మీకూ ఉంటారు. దుఃఖం జబ్బు కాదు. అమెరికా సైకియాట్రిస్టుల 2022 నాటి వర్గీకరణలో కూడా పిల్లల విషయంలో కనీసం ఆరు నెలలు దాటాక, అదీ రోజూ తీవ్రంగా ఉంటేనే దాన్ని సమస్యగా లెక్కేస్తారు. అంతవరకు సాయం తీసుకోకూడదని కాదు.

అయితే పాప "నేనూ డాడీ దగ్గరికి పోతా" లాంటి మాట అన్నా, చేతులు కోసుకున్నా, అన్నం పూర్తిగా మానేసినా వచ్చే వారం సెషన్ దాకా ఆగొద్దు. 14416 టెలీ మానస్ నంబర్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్లముందే ఉంటే 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. డబ్బు ఇబ్బంది అయితే మొదలుపెట్టడమే 14416తో మొదలుపెట్టండి.

ఇక గది. పిల్లల నాయనమ్మ తలుపు బయట పీట వేసుకుని వినేది, మనవడి మీద బెంగతోనే. వాడు రెండు సెషన్లు అవును, కాదు తప్ప ఏమీ అనలేదు. చివరికి అక్క ఆ గంట ఆమెను గుడికి తీసుకెళ్లేది. పాపకు మాత్రం వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనివ్వండి. మావాడి బ్లూటూత్‌ది సరిగ్గా ఆ ఆరో సెషన్‌లోనే ఛార్జింగ్ అయిపోయి, మేడమ్ గొంతు ఇల్లంతా వినిపించింది.