క్లస్టర్ నోడ్‌కు ఎవరు వచ్చి వెళ్తున్నారో తెలుసుకోవడం ఎలా?

మీ హామ్ (ఔత్సాహిక రేడియో) క్లబ్ తరఫున డీఎక్స్‌స్పైడర్ నోడ్ (ఏ స్టేషన్ ఎక్కడ వినిపిస్తోందో హామ్‌లు పంచుకునే క్లస్టర్ సర్వర్) నడుపుతున్నామని, అందులోకి ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్తున్నారో చూపే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడిగారు. నేను ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద చిన్న నోడ్ నడుపుతున్నాను. నాకు అక్కరకు వచ్చిన పద్ధతి చెబుతాను.

కొత్తది వెతికే ముందు డీఎక్స్‌స్పైడర్‌లో ఉన్నవాటినే చూడండి. సిసాప్‌గా (నోడ్ నిర్వాహకుడిగా) లాగినై ‘హూ’ కమాండ్ ఇస్తే ఆ క్షణంలో నోడ్‌కు కలిసి ఉన్న ప్రతి కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), అది హామ్‌దా మరో నోడ్‌దా, ఎప్పటి నుంచి ఉంది అన్నవి వరుసగా వస్తాయి. ‘లింక్స్’ అయితే పక్క నోడ్‌ల సంగతే చెబుతుంది. మొదటి ఏడాది నేను అక్కడితో ఆగిపోయాను. జాబితా నిండుగా కనిపిస్తే అంతా సవ్యంగా ఉందనుకునేవాణ్ణి. తలలు లెక్కపెడితే చాలదని, రాకపోకలు చూడాలని ఒక పోటీలో తెలిసింది.

అది నవంబరు చివరి పూర్తి వారాంతంలో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ సీడబ్ల్యూ, మోర్స్ కోడ్‌తో సాగే 48 గంటల హామ్ పోటీ. జాబితాలో అందరూ ఉన్నారు. అయినా ఒక మిత్రుడు ఫోను చేసి, స్పాట్లు (ఏ స్టేషన్ ఎక్కడ వినిపిస్తోందో తెలిపే కబుర్లు) ఆగి ఆగి వస్తున్నాయన్నారు. లాగ్ తెరిస్తే ఆయన కాల్‌సైన్ కలవడం, తెగడం, మళ్లీ కలవడం పేజీల కొద్దీ కనిపించింది. ఆయన లాగింగ్ ప్రోగ్రాం, పోటీ ప్రోగ్రాం రెండూ ఒకే కాల్‌సైన్‌తో వస్తున్నాయి. మామూలు అమరికలో రెండో కనెక్షన్ రాగానే డీఎక్స్‌స్పైడర్ మొదటిదాన్ని తెంచేస్తుంది. తెగిన ప్రోగ్రాం తనంతట తాను మళ్లీ కలిసి రెండోదాన్ని తోసేస్తుంది. అందుకే ‘హూ’ ఎప్పుడు అడిగినా ఆయన అక్కడే ఉన్నట్టు కనిపించారు! రెండో ప్రోగ్రాంలో కాల్‌సైన్ చివర ‘-2’ చేర్చమన్నాను. ఆ నిమిషం నుంచే లాగ్ శాంతించింది.

ఇప్పుడు నా పర్యవేక్షణ అంతా ఆ లాగ్ మీదే. అది ఏడాదికో ఫోల్డరుగా, నెలకో ఫైలుగా పేరుకుంటుంది. ప్రతి వరుస మొదట్లో ఉండే పెద్ద సంఖ్య 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. మన సమయంలోకి మార్చేటప్పుడు అయిదున్నర గంటలు కలపడం మరవకండి. డీఎక్స్‌స్పైడర్ పెర్ల్‌లోనే రాసింది కాబట్టి ఆ భాష మీ యంత్రంలో ఇప్పటికే ఉంటుంది. చిన్న స్క్రిప్టు రాసి, పనులను వేళకు నడిపే క్రాన్‌తో గంటకోసారి నడపండి. ఏ కాల్‌సైన్ ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు ఎంతసేపు నిలిచింది, ఈ రెండే లెక్కించమనండి. గంటలో 20 సార్లు దాటినవారి పేరు నాకు మెయిలులో వస్తుంది. ఫోను హాట్‌స్పాట్ మీద ఉండి లింకు నిలవక ఇబ్బంది పడేవారు కూడా ఇలాగే దొరుకుతారు.

అలా దొరికినవారిని వెంటనే లాకౌట్ చేయకండి (నోడ్‌లోకి రాకుండా ఆపేయకండి). వారిలో ఎక్కువమందికి తమ ప్రోగ్రాం ఏం చేస్తోందో తెలియదు. ముందు ఒక ఫోను చేయండి. అరుదైన స్టేషన్ బ్యాండ్ మీద ఉండేది కొద్ది నిమిషాలే కావచ్చు. ఆ స్పాట్ అందక పోగొట్టుకున్న కొత్త హామ్ బాధ నేను దగ్గరగా చూశాను.

లెక్కలను క్లబ్ వెబ్‌సైటులో పెట్టాలనుకుంటే కాల్‌సైన్, సమయం చాలు. ఐపీ చిరునామాలను స్క్రిప్టులోనే తీసేయండి. మీ లాగ్‌లోంచి అలా శుభ్రం చేసిన నాలుగు వరుసలు ఇక్కడ పెడితే, వాటికి సరిపోయే స్క్రిప్టు రాసిస్తాను.