రైతుబజార్ దాటాక మోగే రిమైండర్

ఒకే ఫిర్యాదు మాటలు మార్చుకుని వారం వారం వస్తోంది. ఫలానా చోటికి వెళ్లగానే ఫలానా పని గుర్తు చేయమని ఫోన్‌కు చెప్పి పెట్టుకుంటాం. అది గుర్తు చేయదు. చేసినా ఆ చోటు దాటిపోయాక చేస్తుంది. ఇలాంటి రిమైండర్ ఎలా పెట్టాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. పెట్టడం వచ్చినవాళ్లే ఈ ఉత్తరాలు రాస్తున్నారు.

ప్రశ్న: ఆఫీసు నుంచి బైక్ మీద వస్తూ రైతుబజార్‌లో కూరగాయలు తేవాలి. అక్కడికి రాగానే మోగేలా రిమైండర్ పెట్టుకున్నాను. ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక మోగుతోంది. కావాలనే మర్చిపోయానని మా ఆవిడ అంటోంది. ఫోన్ కొత్తదే. — విజయవాడ పాఠకుడు

మీ ఆవిడ ముందు కూర్చుని ఈ లెక్క వేసి చూపించండి. మీరు మ్యాప్‌లో రైతుబజార్ చుట్టూ ఒక గిరి గీశారు. యాప్ వాళ్లు దాన్ని జియోఫెన్స్ అంటారు, మనకు గిరి అంటే చాలు. మధ్య నుంచి అంచుకు 100 మీటర్లు అనుకుందాం. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు 200 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మీరు ఆ గిరిలో ఉండేది 18 సెకన్లు. ఫోన్ మాత్రం బ్యాటరీ కాపాడుకోవాలని మిమ్మల్ని క్షణక్షణం గమనించదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి తెరవని యాప్‌లకు లొకేషన్ అందించడం బాగా తగ్గించారు. గిరిలో అడుగుపెట్టిన సంగతి యాప్‌కు చేరడానికి సగటున రెండు మూడు నిమిషాలు పడుతుందని, ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా పట్టొచ్చని ఆండ్రాయిడ్ తన డెవలపర్లకు రాసిపెట్టిన సూచనల్లోనే ఉంది. మూడు నిమిషాల్లో మీ బైక్ రెండు కిలోమీటర్లు పోతుంది. మీ ఇల్లు ఆ దగ్గర్లోనే అయి ఉండాలి.

గిరి పెద్దది చేయండి. నడిచి వెళ్లేవాళ్లకు 150 మీటర్లు చాలు, బైక్ మీద వచ్చేవాళ్లకు కిలోమీటరు పెట్టినా తప్పు లేదు. అంతకంటే మంచి పని, ‘రైతుబజార్ చేరగానే’ అనేది తీసేసి ‘ఆఫీసు వదలగానే’ అని పెట్టుకోవడం. మూడు నిమిషాలు ఆలస్యంగా మోగినా మీరింకా దారిలోనే ఉంటారు. మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకోవచ్చు.

ఇంత చేసినా మోగకపోతే తప్పు మీది కాదు, మీ యాప్‌ది కూడా కాదేమో. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే గీసిన గిరులన్నీ చెరిగిపోతాయి. ఫోన్ లేవగానే యాప్ కూడా లేచి వాటిని మళ్లీ గీసుకోవాలి. కానీ కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే మీట ఒకటి ఉంటుంది, కొత్త యాప్‌లకు దాన్ని ఆపేసే ఇస్తారు. యాప్ లేవదు, గిరులు ఉండవు, రిమైండర్ మోగదు. యాప్ ఎందుకు మోగలేదో చూద్దామని మీరు దాన్ని తెరవగానే గిరులు మళ్లీ వచ్చేస్తాయి, అంతా బాగానే కనిపిస్తుంది! ఫోన్ కంపెనీల ఈ దొంగాట నేను ఏళ్లుగా చూస్తున్నాను. రెండు రోజులు నిలిచే బ్యాటరీ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ రెండు రోజులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మీరు నమ్ముకున్న అలారాల గొంతు నొక్కితే వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఆటోస్టార్ట్ ఇవ్వండి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్, అంటే ఆంక్షలేవీ వద్దు అని, పెట్టండి.

పనిలో పనిగా మీకూ ఒక మాట. రోజుకు పదిసార్లు రీసెంట్స్, అంటే ఇటీవల వాడిన యాప్‌ల వరస, తెరిచి యాప్‌లన్నీ పైకి తోసేసే అలవాటు ఉంటే మానండి. ఇల్లు ఊడ్చినంత తృప్తిగా ఉంటుంది, నిజమే. కొన్ని ఫోన్లలో అలా తోసెయ్యడమంటే యాప్‌ను చంపెయ్యడమే. చంపేసి, పిలిస్తే పలకలేదంటే ఎలా?

ఐఫోన్ వాళ్ల ఇబ్బంది వేరు. అక్కడ బయటి యాప్ ఏదైనా ఒకేసారి 20 గిరులను మాత్రమే కాపలా కాయగలదు. ఆండ్రాయిడ్‌లో 100. ఎప్పుడో అయిపోయిన పనులు లిస్టులో పేరుకుపోతే కొత్తదానికి చోటు దొరకకపోవచ్చు. పాతవి తీసేయండి. ఇంకొకటి, ఫలానా యాప్ మీ లొకేషన్ ఇన్నిసార్లు వాడిందని ఐఫోన్ అప్పుడప్పుడు మ్యాప్ వేసి చూపించి, ఇలాగే కొనసాగనివ్వాలా అని అడుగుతుంది. 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఉన్న మంచి అలవాటు ఇది. ఆ చుక్కలు చూసి కంగారుపడి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ నొక్కేస్తారు. ఆ మరుసటి వారం రిమైండర్ మోగడం లేదని నాకు ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: ‘ఇల్లు చేరగానే మోటర్ వెయ్యాలి’ అని పెట్టుకుంటే అర్ధరాత్రి నిద్రలో ఉండగా రెండుసార్లు మోగింది. ఇంట్లోనే ఉన్నాను కదా! — హైదరాబాద్, అమీర్‌పేట పాఠకురాలు

మీరు ఇంట్లోనే ఉన్నారు, మీ ఫోన్ లెక్కలో కాసేపు వీధిలోకి వెళ్లి వచ్చారు. నాలుగు పక్కలా అపార్ట్‌మెంట్లు ఉన్నచోట గోడల మధ్య జీపీఎస్ సరిగా అందదు. చుట్టుపక్కల వైఫైలను బట్టి ఫోన్ ఒక అంచనా వేసుకుంటుంది, ఆ అంచనా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. గిరి చిన్నదైతే ఆ ఊపుకే బయటికెళ్లి లోపలికొచ్చినట్టు లెక్క. పెద్దది చేయండి. అక్కడ కొంతసేపు ఉన్నాకే మోగించే వీలు మీ యాప్‌లో ఉంటే అది వాడండి. వైఫై ఆపేసుకునే అలవాటుంటే మానండి, నెట్ కోసం కాకపోయినా ఈ అంచనా కోసం అది కావాలి. ‘సుమారు లొకేషన్’ పర్మిషన్‌తో మాత్రం ఇది అసలే కుదరదు. ఆండ్రాయిడ్‌లో ఆ సుమారు అంటే దాదాపు మూడు చదరపు కిలోమీటర్లు, అమీర్‌పేటతో పాటు పక్క పేట కూడా అందులో పట్టేస్తుంది.

ప్రశ్న: ఇంటి పనుల లిస్టు ఒకటి యాప్‌లో పెట్టి ఇంట్లో అందరికీ, డ్రైవర్‌కూ షేర్ చేశాం. ఎవరు ఏ షాపు దగ్గరుంటే వాళ్లకు మోగుతుంది, చాలా సుఖంగా ఉంది. డ్రైవర్ మూడు నెలల కిందట పని మానేశాడు. అతనికి ఇంకా లిస్టు కనిపిస్తుందా? — కాకినాడ నుంచి ఒక గృహిణి

కనిపిస్తుంది. మూడు నెలలుగా కనిపిస్తూనే ఉంది. ఈ పేజీ ఇక్కడే ఆపి, వెళ్లి అతని పేరు తీసేసి రండి అమ్మా.

వచ్చారా? ఆ డ్రైవర్ మంచివాడే కావచ్చు. నా భయం అతని గురించి కాదు. అతను ఫోన్ అమ్మేసి ఉండొచ్చు, ఖాతా తీయకుండా పిల్లల చేతికి ఇచ్చి ఉండొచ్చు. ఇప్పుడు మీ లిస్టు మీరే ఒకసారి పరాయివాళ్ల కళ్లతో చదవండి. మీలాంటి ఇళ్ల లిస్టులు కొన్ని చూశాను కాబట్టి చెబుతున్నాను, అందులో ఇలాంటివి ఉంటాయి. ‘సంక్రాంతికి ఊరెళ్లేముందు గ్యాస్ కట్టేయాలి.’ ‘పాలబ్బాయికి 16 దాకా వద్దని చెప్పాలి.’ ‘తాళంచెవి పై ఇంటి పిన్నిగారికి.’ ‘సోమవారం బ్యాంకు లాకర్.’ ప్రతి దాని పక్కనా మ్యాప్‌లో ఒక పిన్ను. ‘ఇల్లు’ అని పేరు పెట్టిన పిన్ను సరిగ్గా మీ గేటు మీదే!

పూర్వం దొంగ కష్టపడేవాడు. గుమ్మం ముందు ముగ్గు పడలేదా, గేటు దగ్గర పేపర్లు పోగయ్యాయా అని రెండు మూడు రోజులు ఆ వీధిలో తిరిగి చూసుకునేవాడు. మీ లిస్టు అతనికి వారం ముందే తేదీలతో సహా చెబుతోంది. మ్యాప్ యాప్‌కు మీరు ఇప్పుడెక్కడున్నారో తెలుస్తుంది, అంతే. ఈ పనుల యాప్‌కు మీరు ఎప్పుడు ఎక్కడికి, ఎందుకు వెళ్లబోతున్నారో తెలుసు, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తెలుసు. మీరే రాసిచ్చారు. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు, దీని సంగతి పెద్దవాళ్లకే పట్టలేదు.

బయటివాళ్లు ఉండే లిస్టు వేరు, ఇంటి లిస్టు వేరు చేయండి. రెండో దాంట్లో కూడా పిన్ను ఇంటి మీద పెట్టకండి, వీధి చివర గుడి మీదో కిరాణా కొట్టు మీదో పెట్టండి. 300 మీటర్ల గిరి గీస్తే రిమైండర్ అంతే చక్కగా మోగుతుంది, ఇంటి గుట్టు ఇంట్లో ఉంటుంది. ఫోన్ లాక్‌లో ఉండగా నోటిఫికేషన్‌లోని మాటలు కనిపించకుండా దాచేయండి. ‘లాకర్ తాళంచెవి తీసుకెళ్లు’ అని బల్ల మీది ఫోన్ వెలిగి చెబుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు కూడా చదువుతారు.

షేర్ చేసినవాళ్ల సంగతి ఇది. యాప్ కంపెనీ సంగతి ఇంకా ఉంది. మీరు గిరిలో ఉన్నారా లేదా అని చూసేది ఫోనే. వచ్చారు అన్న ఒక్క కబురు యాప్‌కు అందిస్తే పని అయిపోతుంది. మీ తిరుగుడంతా ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరాల్సిన అవసరమే లేదు. ఒకరోజు మొబైల్ డేటా ఆపేసి ఆ దారిలో వెళ్లి చూడండి. జీపీఎస్‌కు డేటా అక్కర్లేదు కాబట్టి రిమైండర్ మోగొచ్చు. మోగితే, యాప్ మీ లొకేషన్ పంపడం లేదని కాదు, పంపే అవసరం లేదని అర్థం. అవసరం లేకపోయినా పంపుతోందా అన్నది ప్లే స్టోర్‌లో ఆ యాప్ కింద డేటా సేఫ్టీ అనే చోట చూడండి. లొకేషన్‌ను ఇతరులతో పంచుకుంటామని రాసి ఉంటే నేనైతే వెంటనే తీసేస్తాను. అది రాసేది యాప్ వాళ్లే కాబట్టి, రాయనంత మాత్రాన నిశ్చింతగా ఉండమని కాదు.

పేర్లు తీసేసే పంచుకుంటాం అంటారు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది 15 నెలల మొబైల్ రికార్డులు పరిశీలించారు. ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలు నాలుగు ఉంటే చాలు, వాళ్లలో 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడిగా గుర్తుపట్టవచ్చని తేలింది. ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి, వారం వారం వెళ్లే గుడి. నాలుగయ్యాయి. ఇక పేరెందుకు?

2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బెయిల్ మీద బయటికొచ్చిన నిందితుడు ఎప్పటికప్పుడు ఎక్కడున్నాడో పోలీసులకు తెలిసేలా ఫోన్‌లో మ్యాప్ పిన్ షేర్ చేయాలనే షరతు పెట్టకూడదు, అది అతని ప్రైవసీ హక్కును దెబ్బతీస్తుంది అని. మాదకద్రవ్యాల కేసులో నిందితుడికి ఉన్న ఆ రక్షణను మనం కరివేపాకు లిస్టు కోసం వదిలేసుకుంటున్నాం.

ప్రశ్న: నా భార్య ఆఫీసు నుంచి బయల్దేరగానే నా ఫోన్‌లో మోగేలా, ఆమెకు తెలియకుండా పెట్టే యాప్ చెప్పగలరు. ప్రేమతోనే అడుగుతున్నాను. — పేరు రాయలేదు

చెప్పను. బయల్దేరేటప్పుడు ఫోన్ చేయమని ఆవిడనే అడగండి.

ప్రశ్న: నేను నోట్స్‌కు వాడే యాప్‌లో లొకేషన్ రిమైండర్ ఆప్షనే కనబడటం లేదు. నెల కిందటి దాకా ఉండేది. నేనే ఏదైనా నొక్కేశానా? — వరంగల్, రిటైర్డ్ టీచర్

మీరేమీ నొక్కలేదు మాస్టారూ. అప్‌డేట్‌లో తీసేసి ఉంటారు. ‘కొన్ని మెరుగులు దిద్దాం, చిన్న చిన్న లోపాలు సరిచేశాం’ అని రెండు ముక్కలు రాసి, మీరు ఏళ్లుగా వాడుకుంటున్న సౌకర్యాన్ని ఎత్తేస్తారు. దాని కింద మీరు పెట్టుకున్న పనులు ఏమయ్యాయో అడిగే దిక్కు లేదు. ఇంటి ఓనరు మనం ఊరెళ్లినప్పుడు వచ్చి కిటికీ మూసేసి గోడ కట్టినట్టుంటుంది. పైగా ఆ ఖాళీలో, ఎవరూ అడగని ఏఐ బొత్తం ఒకటి పెట్టి పోతారు. పనుల లిస్టు లాంటి చిన్న వస్తువు పదేళ్లు మారకుండా ఉంటే ఎవరికి నష్టం? మా ఇంట్లో పోపులడబ్బా నా చిన్నప్పటి నుంచి ఒకటే. దానికి ఇంతవరకూ అప్‌డేట్ రాలేదు, ఆవాలు ఆవాల గిన్నెలోనే ఉన్నాయి.

మీకు వేరే యాప్ కావాలంటే ముందు చూడాల్సింది, అందులో ఉన్న లిస్టును మామూలు ఫైల్‌గా బయటికి తీసుకునే వీలుందా అని. లేకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు. ఎవరో గ్రూపులో పంపిన ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్, మాత్రం ముట్టుకోకండి. దానికి లొకేషన్‌తో పాటు యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇవ్వమంటే, మీ స్క్రీన్ మీద ఉన్నదంతా, బ్యాంకు మెసేజ్‌లతో సహా చదువుకోనిమ్మని అడుగుతున్నట్టు.

ఉత్తరం రాసేవాళ్లు ఫోన్‌లో ఏ వెర్షన్ ఉందో రాయండి, గిరి ఎన్ని మీటర్లు పెట్టుకున్నారో కూడా రాయండి. స్క్రీన్‌షాట్ పంపితే ఇంటి పిన్ను కనిపించకుండా చెరిపి పంపండి. పోయిన వారం ముగ్గురు చెరపకుండా పంపారు. ముగ్గురి ఇళ్లూ నాకు తెలిసిపోయాయి, ఒకరు ఎల్లుండి తిరుపతి వెళ్తున్నట్టు కూడా.