పింఛను ఆపిన కాగితం చూపమనడం తప్పా?

మీ మేనత్తగారి పేరును పింఛను జాబితా నుంచి ఎందుకు తొలగించారో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామని మీరు అనుకుంటే, “తెలిసినవాళ్ల ఉద్యోగానికి ఎసరు పెట్టడం ధర్మం కాదు” అని ఇంట్లో పెద్దలు వారిస్తున్నారని రాశారు. దరఖాస్తు ఎలా పెట్టాలన్నది తేలికైన భాగం. అలా అడగడం ధర్మమేనా అన్నదే మీ అసలు ప్రశ్న అని నాకనిపించింది. ఇదే సందేహంతో నేను 2012లో రెండు నెలలు ఆగిపోయాను కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

మాకు పిన్ని వరసయ్యే ఒకావిడ, భర్త పోయాక, వితంతు పింఛను కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను నెలకు 200 రూపాయలు. వెళ్లిన ప్రతిసారీ “పైనుంచి మంజూరు రాలేదు” అన్న మాటే చెప్పి పంపేవారు. పైన అంటే ఎక్కడో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. మండల కేంద్రానికి వెళ్లిన ప్రతి రోజూ కూలి పోయేది, ఆపైన బస్సు ఛార్జీ. ఆ తిరుగుళ్ల ఖర్చు లెక్క కడితే ఏడాది పింఛను సొమ్ముకు దగ్గరగా తేలుతుంది. నేను దరఖాస్తు రాస్తానంటే మా నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ కార్యాలయంలో పింఛన్ల సీటు చూసే ఉద్యోగి తండ్రి ఆయనకు పాత స్నేహితుడు. “నీళ్లలో ఉంటూ మొసలితో వైరమెందుకురా” అన్నారు. భయం కొంత, మొహమాటం కొంత.

చివరికి తెల్లకాగితం మీద, మండల స్థాయికి చెల్లించాల్సిన 5 రూపాయల రుసుముతో, మూడు విషయాలు అడిగాను. ఆమె అర్జీలు నమోదైన ఇన్‌వర్డ్ రిజిస్టరు పేజీల నకళ్లు. ఆ అర్జీలపై జరిగిన విచారణ నివేదికల నకళ్లు. వాటిని ఆమోదించిన లేదా తిరస్కరించిన ఉత్తర్వుల నకళ్లు. కాగితం చేతికందుకున్న ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు గాని, “ఇవన్నీ నీకెందుకు బాబూ, ఏం చేసుకుంటావు?” అని అడిగాడు.

చట్టంలోని 6(2) సెక్షన్ ప్రకారం సమాచారం అడిగే మనిషి కారణం చెప్పనక్కరలేదు; సంప్రదించడానికి అవసరమైన వివరాలకు మించి ఏ సొంత విషయమూ చెప్పనక్కరలేదు. మొదట్లో అది దరఖాస్తుదారుడి సౌకర్యం కోసం పెట్టిన చిన్న నిబంధన అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే చట్టానికి నైతిక పునాది అక్కడే ఉందనిపిస్తుంది. పాసుపుస్తకంలో లెక్క వేసి ఇమ్మంటే ఎందుకని అడిగే బ్యాంకు గుమాస్తా ఉండడు, ఎందుకంటే ఆ డబ్బు మనదని అతనికి తెలుసు. కారణం చెప్పి, అది అధికారికి నచ్చితేనే ఇచ్చే పద్ధతి ఉంటే, మనం అడిగేది మళ్లీ అర్జీయే అవుతుంది, హక్కు కాదు.

గడువైన 30 రోజులు గడిచాయి, జవాబు రాలేదు. పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాను. అప్పీలు విచారణకు రమ్మని పిలిచి, ఆ తర్వాత వారం రోజుల్లో 9 పేజీలు సిద్ధంగా ఉన్నాయనీ, పేజీకి 2 రూపాయల చొప్పున 18 రూపాయలు కట్టమనీ ఉత్తరం పంపారు. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలని 7(6) సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిది రూపాయల కోసం ఉత్తరం రాయడం పిసినారితనంలా కనిపిస్తుందేమోనని కాసేపు తటపటాయించాను గాని, రాశాను, ఉచితంగానే ఇచ్చారు.

ఆ 9 పేజీల్లో ఒక వాక్యం ఉంది: “విచారణలో అర్జీదారు గ్రామంలో నివాసం లేనట్లు తేలినది.” మొదటి అర్జీ మీద రాసిన వాక్యమది, మిగతా రెండు అర్జీలను పాత నివేదికనే చూపించి పక్కన పెట్టేశారు. పిన్ని పెళ్లయి వచ్చిన నాటి నుంచి, దాదాపు నలభై ఏళ్లుగా, ఆ ఊళ్లోనే, ఆ ఇంట్లోనే ఉంది. ఆ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించినప్పుడు కోపం రాలేదు, “మరి నేనెక్కడున్నానని రాశారు?” అని అడిగింది.

మీ ఇంటి పెద్దలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక మనిషి గురించి ఒక వాక్యం రాశారు; ఆ వాక్యం ఆమె బతుకును నిర్ణయించింది; అది తప్పని చెప్పగలిగినది ఆమె ఒక్కతే, కాని దాన్ని చూసే వీలు లేనిది కూడా ఆమెకే. కాగితాన్ని చూపకుండా దాచడంలోని అన్యాయం అవినీతి ఉన్నచోటే ఉంటుందనుకోకూడదు. ఇక్కడ ఎవరూ లంచం తీసుకోలేదు. వారం రోజుల్లో ఎన్నో ఊళ్ల విచారణలు ముగించమని పైనుంచి ఒత్తిడి వస్తే, విచారణ చేయాల్సిన ఉద్యోగి మా ఊరికి రాకుండా ఎవరో చెప్పిన మాట రాసుకున్నాడు. అప్పీలు విచారణ రోజున అతను తలెత్తి మా వైపు చూడలేకపోయాడు. అతని మీద చర్య తీసుకోమని నేను అడగలేదు, ఎవరూ తీసుకోలేదు కూడా. ఆ వాక్యం పట్టుకుని, రేషన్ కార్డు, ఓటరు జాబితా నకళ్లు జతచేసి నాలుగో అర్జీ పెడితే, ఐదు నెలలకు పింఛను మంజూరైంది. పోయిన కాలానికి బకాయి మాత్రం ఇవ్వలేదు. అది ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయమే.

ఈ చట్టం పుట్టిందే ఇలాంటి చిన్న కాగితాల దగ్గర. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన కూలీల, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరువు పనుల్లో కూలీలకు కనీస వేతనం ఎందుకు అందడం లేదని అడుగుతూ పోతే, దారి మస్టర్ రోల్ దగ్గరికి, అంటే పనికొచ్చినవారి పేర్లూ కూలీ రాసే రిజిస్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ సంఘానికి చెందిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు 1994 చివర్లో మొదలుపెట్టిన బహిరంగ విచారణల్లో ఆ రిజిస్టర్లను ఊరందరి ముందూ గట్టిగా చదివారు. చదువుతుంటే పనికి వెళ్లనివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా జరిగింది. “మన డబ్బు, మన లెక్క” అన్న అర్థం వచ్చే నినాదం వారిదే. సుప్రీంకోర్టు అంతకుముందే ఈ మాట చెప్పింది. 1975లో రాజ్ నారాయణ్ కేసులో జస్టిస్ కె.కె. మాథ్యూ, ప్రభుత్వం ప్రజల పేరిట చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందన్నారు. కాని ఆ తీర్పు వల్ల ఒక్క మస్టర్ రోల్ కూడా బయటికి రాలేదు. కూలీలు రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. పార్లమెంటు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగినప్పుడు, ఇంటింటికీ తిరిగి రికార్డును మనిషి మాటతో సరిపోల్చే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున అమలు చేసింది. మా పిన్ని విషయంలో జరగనిది సరిగ్గా అదే: కాగితాన్ని మనిషి ముందు పెట్టి చదవడం.

ఇక మీ దరఖాస్తు విషయానికి వస్తాను. “మా అత్త పింఛను ఎందుకు ఆపారు?” అని రాయకండి. చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే గాని అధికారి అభిప్రాయం కాదని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రశ్న రూపంలో అడిగితే “ఇది సమాచార నిర్వచనంలోకి రాదు” అని ఒక వాక్యంతో తిప్పి పంపుతారు. పేరు తొలగించిన ఉత్తర్వు, దానికి ఆధారమైన విచారణ నివేదిక, ఆమెకు ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే ఆ నోటీసు నకలు అడగండి. దానితోపాటు 4(1)(డి) సెక్షన్‌ను ప్రస్తావించండి. పరిపాలనా నిర్ణయాల వల్ల నష్టపోయినవారికి కారణాలు తెలియజేయడం కార్యాలయం బాధ్యతేనని అది చెబుతుంది. నిజానికి మీరు దరఖాస్తు పెట్టకముందే మీ మేనత్తగారికి ఆ కారణం తెలిసి ఉండాలి. అందుకే మీరు ఆ ఉద్యోగికి కొత్తగా ఏ ఇబ్బందీ తెచ్చిపెట్టడం లేదు.

దరఖాస్తు మీ మేనత్తగారి పేరు మీదే, ఆమె సంతకంతో లేదా వేలిముద్రతో వెళ్లడం మంచిది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. అంతకుముందు ప్రజా ప్రయోజనంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించే వీలుంటే, ఆ సవరణ ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటను మిగిల్చింది. దానితోపాటు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా పోయింది. నా దృష్టిలో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే మస్టర్ రోల్‌లో ఉండేది పేర్లే, పింఛను జాబితాలో ఉండేవీ పేర్లే. అయినా 8(2) సెక్షన్ కింద, ప్రజా ప్రయోజనం హాని కన్నా ఎక్కువైతే ఇవ్వవచ్చన్న దారి ఉంది; సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలన్న 4(1)(బి) నిబంధన కూడా ఉంది. తన గురించి తానే అడుగుతున్న మనిషికి ఈ చిక్కులేవీ ఎదురుకావు.

అడిగేవారి ధర్మం గురించీ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ పెద్దల అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టినది కాదు. మా బావమరిది వేరే శాఖలో జూనియర్ అసిస్టెంటు. గత ఇరవై ఏళ్లలో జరిగిన అన్ని పనుల అన్ని ఫైళ్ల నకళ్లు కావాలని ఒకాయన పెట్టిన దరఖాస్తును నాకు చూపించాడు; అదే పెద్దమనిషి తర్వాత కాంట్రాక్టరుతో మాట్లాడుకుని దరఖాస్తు ఊసెత్తడం మానేశాడట. ఇలాంటివారు ఉన్నారు. వారిని చూపించి మిగతావారి నోరు మూయించడం కార్యాలయాలకు అలవాటైపోయింది గాని, దానికి విరుగుడు మన చేతిలోనే ఉంది: కావలసిన కాగితాన్ని మాత్రమే అడగడం, వచ్చినదాన్ని నలుగురి ముందూ పెట్టడం. ఏ ఫైలులో ఏముందో తెలియకపోతే నకళ్ల బదులు రికార్డు తనిఖీకి అనుమతి అడగవచ్చు. మొదటి గంటకు రుసుము లేదు.

గ్రామ స్థాయి కార్యాలయానికైతే దరఖాస్తు రుసుమే లేదు. తప్పు కార్యాలయానికి పెట్టినా 5 రోజుల్లో సరైన చోటికి వారే బదిలీ చేయాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేక రెండో అప్పీళ్లు పేరుకుపోయాయి. కనుక మొదటి అప్పీలునే గట్టిగా రాసి, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇమ్మని అందులోనే కోరండి.

ఆ విచారణకు మిమ్మల్ని వారిస్తున్న పెద్దల్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. వద్దన్న మా నాన్నగారు ఆ రోజు నాతో వచ్చారు. ఆ కార్యాలయానికి ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నా ఎప్పుడూ బల్లకు ఇవతల నిలబడే మాట్లాడిన మనిషి. అప్పీలు అధికారి ఇద్దరినీ కూర్చోమని చెప్పి ఫైలు మా ముందే తెరిపించారు. తిరిగొస్తూ బస్సులో, తన పొలం సర్వే కాగితాలు కూడా ఇలాగే చూపిస్తారా అని నాన్నగారు అడిగారు. ఆయన దరఖాస్తును ఆయన చేతే రాయించాను.