రిటైల్ సదస్సుకు వెళ్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇరవై ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బీబీఏ రెండో సంవత్సరం చదువుతోంది. మాదాపూర్‌లో రెండు రోజుల రిటైల్ సదస్సు జరుగుతుందట, పెద్ద కంపెనీల వాళ్ల ప్యానెల్ చర్చలు ఉంటాయట, వెళ్తానని పట్టుబట్టింది. పాస్‌కి వేలల్లో అడుగుతున్నారు. పది నిమిషాల డెలివరీలు వచ్చాక నా గల్లాయే పలచబడింది. అదే రంగంలోకి తనూ వస్తానంటే భయంగా ఉంది. స్టేజీ మీద నలుగురు మాట్లాడుకుంటుంటే విని ఏం నేర్చుకుంటుంది? పంపాలా, వద్దా?

జవాబు: నమస్కారమండీ. పంపండి. అయితే దానికి ముందు కొన్ని వారాలు సాయంత్రం పూట మీ దుకాణంలో కూర్చోబెట్టండి. ఆ సదస్సుకు తయారవడానికి ఆమెకు ఈ నగరంలో అంతకంటే మంచి చోటు లేదు. మిమ్మల్ని సంతోషపెట్టడానికి అనడం లేదు, ఎందుకో చెబుతాను.

రిటైల్ ప్యానెల్ అంటే సాధారణంగా ఒక చైన్ స్టోర్ల సీఈఓ, ఒక మాల్ తరఫు మనిషి, ఒక బ్రాండ్ ప్రతినిధి, ఒక టెక్నాలజీ కంపెనీ ప్రతినిధి, మధ్యలో ప్రశ్నలు వేసే మోడరేటర్. ముప్పావు గంటలో అయిపోతుంది. ఇన్వెంటరీ టర్న్స్ (సరుకు ఏడాదికి ఎన్నిసార్లు అమ్ముడై మళ్లీ వస్తుందన్న లెక్క), ప్రైవేట్ లేబుల్ (దుకాణం సొంత పేరుతో అమ్మే సరుకు), ఓమ్నిచానెల్ (దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ కలిపి అమ్మడం), ఎస్‌కేయూలు (విడివిడిగా లెక్కపెట్టే సరుకు రకాలు) అంటూ మాటలు గబగబా దొర్లిపోతాయి. డిగ్రీ పిల్లలు వాటిని శ్రద్ధగా రాసుకుంటారు. వాటి వెనకున్న సరుకూ డబ్బూ కళ్లకు కట్టవు కాబట్టి వారం తిరిగేసరికి మర్చిపోతారు. మీ అమ్మాయికి అవి కళ్లకు కట్టేలా చేయగలిగింది మీరే.

ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు నూనె ప్యాకెట్లు, పప్పుల మీద పెట్టారనుకుందాం. మిగిలేది 8 శాతమే, కానీ సరుకు నెలకు రెండుసార్లు తిరుగుతుంది. ఏడాదికి 24 సార్లు తిరిగితే ఆ లక్ష మీద 1,92,000 వస్తుంది. అదే లక్ష స్టీలు సామాను మీద పెడితే 25 శాతం మిగులుతుంది, కానీ మూడు నెలలకోసారి తిరిగితే ఏడాదికి వచ్చేది లక్షే. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ దుకాణం అంకెలతో ఆమె చేతే ఈ లెక్క కట్టించండి, ఒక్కో అరకీ విడివిడిగా. ఆ తర్వాత స్టేజీ మీద ఎవరైనా ‘ఎస్‌కేయూలు తగ్గించాం, ఇన్వెంటరీ టర్న్స్ పెరిగాయి’ అంటే, కదలని సరుకు తీసేసి ఆ చోటు, ఆ డబ్బు కదిలే సరుకుకు ఇచ్చారని ఆమెకు వెంటనే తడుతుంది. డీమార్ట్ వ్యాపారానికి మూలం కూడా ఈ లెక్కే. తక్కువ లాభం, వేగంగా తిరిగే సరుకు, పైగా చాలా దుకాణాలు సొంత భవనాల్లోనే ఉండటం వల్ల అద్దె భారం తక్కువ.

ఇంకొకటి. డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మ్యాన్ ఆర్డర్ తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆమెను పక్కనే ఉండమనండి. ఈ నెల స్కీమ్ దేని మీద ఇస్తున్నాడు, ఎందుకు దాని మీదే ఇస్తున్నాడు, డేటు దాటిన సరుకు ఎవరు వెనక్కి తీసుకుంటారు, ఎన్ని రోజుల అరువు ఇస్తాడు అన్నవి వినమనండి. చైన్ స్టోర్లకు కంపెనీ నేరుగా ఇచ్చే ధర, డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీకొచ్చే ధర ఒకటి కావు. ఈ విషయంలో మీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ ధర దగ్గరే ఒక మంచి ఉద్యోగం కూడా ఉంది. సబ్బులు, బిస్కెట్లు చేసే కంపెనీల తరఫున చైన్ స్టోర్లతో బేరం కుదిర్చేవాళ్లను కీ అకౌంట్స్ మేనేజర్లు అంటారు. చిన్న దుకాణం బాధ తెలిసిన పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే బేరంలో రెండు వైపులా చూడగలదు. రిటైల్ అంటే దుకాణాల్లోనే ఉద్యోగం అనుకుని ఇలాంటివి చాలామంది వదిలేసుకుంటున్నారు. సదస్సులో దుకాణాల వాళ్లతో పాటు బ్రాండ్ల వాళ్లూ ఉంటారు, వాళ్లనూ పలకరించమనండి.

ఇక చర్చ జరుగుతున్నప్పుడు ఏం వినాలన్నది. అందరూ ఒప్పుకునే మాటలు రాసుకోనక్కర్లేదు. ఇద్దరు వక్తలు తేడాపడ్డ చోట పెన్ను తీయాలి. మాల్ అద్దెల మీద చర్చ వస్తే చాలా తెలుస్తుంది. మాల్‌లో అద్దె సాధారణంగా ఇంత తగ్గకుండా అని ఒక మొత్తం ఉంటుంది, అమ్మకాలు పెరిగితే అందులో వాటా ఉంటుంది. జనం బాగా వస్తున్నారు కదా అని మాల్ వాళ్లు అంటారు. వస్తున్నారు, కొనడం లేదు అని దుకాణం వాళ్లు అంటారు. 2023లో మీ కూకట్‌పల్లిలోనే లులు మాల్ తెరిచినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో మీరు చూసే ఉంటారు. అలా వచ్చినవాళ్లలో ఎందరు బిల్లింగ్ కౌంటర్ దాకా వెళ్లారన్నదాని మీదే దుకాణం బతుకు ఆధారపడి ఉంటుంది. ఈ వాదన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత సజీవంగా దొరకదు. ప్యానెల్స్‌కి వెళ్లమని నేను చెప్పేది ఇందుకే.

వక్తల హోదాలూ ముందే చూసుకోమనండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, ఏఐ కెమెరాలో అమ్మే కంపెనీ సదస్సుకు స్పాన్సర్‌గా ఉండి, తన మనిషిని ప్యానెల్‌లో కూర్చోబెట్టడం మామూలే. ఆయన చెప్పేది అబద్ధం కానక్కర్లేదు గానీ, తను అమ్మే సరుకు గురించి చెబుతున్నాడని గుర్తుంచుకుని వినాలి.

స్టేజీ మీదికి సాధారణంగా నిలదొక్కుకున్నవాళ్లనే పిలుస్తారు. పడిపోయినవాళ్ల కథలు ఆమె విడిగా చదువుకోవాలి. చెన్నైలో పుట్టి 1,600 దుకాణాల దాకా పెరిగిన సుభిక్ష, చేతిలో డబ్బాడక 2009లో మూతపడింది. బిగ్‌బజార్‌ను అప్పులు, కరోనా లాక్‌డౌన్, అమెజాన్‌తో వివాదం కుంగదీశాయి. 2022లో దాని దుకాణాలు చాలావరకు రిలయన్స్ చేతికి వెళ్లాయి. త్రినేత్ర సూపర్‌మార్కెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. హైదరాబాద్‌లోనే పుట్టిన ఆ సంస్థను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొన్నది, ఆ దుకాణాలే తర్వాత మోర్ అయ్యాయి. ఇదే నగరంలో పుట్టిన రత్నదీప్ సొంత పేరుతోనే కొనసాగుతోంది. ఒకటి ఎందుకు చేతులు మారింది, ఇంకొకటి ఎలా నిలబడింది అని ఆమె ఆలోచించుకుని వెళ్తే అడగడానికి ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

చదవడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. మెడ్‌ప్లస్ 2021లో, బజాజ్ ఎలక్ట్రానిక్స్ నడిపే ఎలక్ట్రానిక్స్ మార్ట్ 2022లో, కళామందిర్ వాళ్ల సాయి సిల్క్స్ 2023లో షేర్ మార్కెట్‌కి వచ్చాయి. మూడూ హైదరాబాద్ సంస్థలే. అప్పుడు అవి దాఖలు చేసిన ప్రాస్పెక్టస్‌లు (షేర్లు అమ్మేముందు కంపెనీ తన వివరాలు రాసి ఇచ్చే పత్రాలు) షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దుకాణాలెన్ని, సరుకు ఎన్నాళ్లు నిలవుంటుంది, ఏ నష్టభయాలున్నాయి అన్నవన్నీ వాళ్లే రాసి ఇచ్చారు. ఒక్కటి చదివినా చాలు.

ప్రశ్నల సమయంలో ‘రిటైల్ భవిష్యత్తు ఎలా ఉంటుంది?’ అని అడిగితే అందరికీ తెలిసిన జవాబే వస్తుంది. ‘మా నాన్నగారికి కూకట్‌పల్లిలో కిరాణా దుకాణం ఉంది. పది నిమిషాల డెలివరీ వచ్చాక పాలు, చిప్స్, కూల్‌డ్రింకుల అమ్మకం తగ్గింది, బియ్యం బస్తాలది తగ్గలేదు. మీ స్టోర్లలో ముందు ఏది తగ్గింది?’ అని మీ పుస్తకంలోని అసలు అంకెలతో అడగమనండి. ఆ ప్రశ్న అడిగిన పిల్లను టీ విరామంలో వాళ్లే వెతుక్కుంటూ వచ్చే అవకాశం ఉంది.

మీ భయం గురించి. గల్లా పలచబడటం చిన్న బాధ కాదు, ఇల్లు నడిచేది దాని మీదే. కానీ మీ దుకాణం భవిష్యత్తు, ఆమె ఉద్యోగ భవిష్యత్తు రెండూ వేర్వేరు ప్రశ్నలు. కూకట్‌పల్లి జనం సరుకులు కొనడం మానలేదు, కొనే చోటు మారింది. ఆ డెలివరీ కంపెనీల డార్క్ స్టోర్లలోనూ (కొనేవాళ్లు రాని, డెలివరీ కోసమే సరుకు ఉంచే చోట్లు) సరుకు లెక్క చూసేవాళ్లు, ఏ వస్తువు ఎంత తెప్పించాలో నిర్ణయించేవాళ్లు, స్టోర్ నడిపేవాళ్లు కావాలి. మీరు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే అది.

నిజంగా ఆలోచించాల్సింది మొదటి ఉద్యోగం గురించి. రిటైల్‌లో చాలామంది స్టోర్‌లోనే మొదలుపెడతారు. రోజంతా నిలబడాలి, జీతం మొదట్లో ఎక్కువ ఉండదు, శని, ఆదివారాల్లో సెలవు దొరకదు, దసరా, సంక్రాంతి ముందు రోజుల్లో ఇంటికి రావడం ఆలస్యమవుతుంది. రాత్రి పొద్దుపోయాక ముగిసే షిఫ్టులకు రవాణా ఇస్తారా లేదా అన్నది చేరేముందే అడిగి తెలుసుకోవాలి. అక్కడ కొన్నేళ్లు నిలబడ్డవాళ్లు కొనుగోళ్లు, ప్లానింగ్, సప్లయ్ చైన్ వైపు వెళ్తారు. స్టోర్ అనుభవం లేకుండా నేరుగా ఆఫీసు కుర్చీ వెతుక్కోవద్దని నా గట్టి సలహా. డిగ్రీ అయ్యేలోపే ఒక వేసవి సెలవుల్లో ఏదైనా చైన్ స్టోర్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే, ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఆమెకే తెలిసిపోతుంది.

పాస్ సంగతి: పూర్తి ధర పెట్టి కొనకండి. విద్యార్థులకు రాయితీ ఉందేమో అడగమని కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ నుంచి నిర్వాహకులకు ఈ వారమే మెయిల్ పెట్టించండి. లేదంటే రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర వాలంటీర్‌గా చేస్తానని ఆమెనే అడగమనండి. ఇలాంటి సదస్సులకు విద్యార్థుల సాయం అవసరం పడుతూనే ఉంటుంది. ఒప్పుకుంటే డెస్క్ పని అయ్యాక హాల్లో కూర్చుని వినడానికి వీలుంటుందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. రెండూ కుదరకపోతే ఒక్క రోజు పాస్ తీసుకుని, ఆమెకు పనికొచ్చే ప్యానెల్స్ ఉన్న రోజే పంపండి.